మూడో ముక్క తల ఎటు

నవంబరు 3

నా దస్తూరీ బాగుండదు. తప్పులు కూడా ఉంటాయి. ఇది ఎవరూ చదవరు కాబట్టి ఈ పుస్తకానికే క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఊరి బడిలో నేర్చుకున్న అక్షరాలు. ఆ తర్వాత సంఘం కాగితాల మీద ఒయికావా తోమెజి అని నా పేరు రాయడానికి తప్ప వాటిని వాడలేదు.

చేపల సంఘం వాళ్ళు ఏటా ఒక డైరీ ఇస్తారు. మా ఆవిడ సుయె దాన్ని ముల్లంగి ఊరగాయ జాడీ మీద బరువుకి పెడుతుంది. ఈ ఏడాదిది నేను తీసుకున్నాను.

"దేనికి?" అంది.

"రాసుకోవడానికి."

"నోటికి రాని మాటలు చేతికొస్తాయా, ముసలాయనా?"

యాభై ఏళ్ళుగా ఇలాగే మాట్లాడుతుంది. నేను జవాబు చెప్పను. ఇద్దరికీ అలవాటే.

రాయాలనిపించింది పంతులమ్మ వల్ల. ఆమె పేరు కషివాగి. పట్నంలో పెద్ద చదువుల బడిలో పని. సముద్రం అడుగున మట్టి తీసి, వెనకటి కాలంలో ఎండలు ఎలా కాశాయో, చలి ఎంత పడిందో అందులోంచి చదువుతుంది. వసంతం నుంచీ మా అఖాతం లోతు కొలవడానికి నా పడవ మీదే తిరుగుతోంది. గాలి మారితే రాసుకుంటుంది. నీటి రంగు మారితే రాసుకుంటుంది. నేను తుమ్మితే కూడా రాసుకుంటుందేమో.

"మీరు రాసుకోరా, సరంగుగారూ?" అని అడిగింది.

"గుర్తుంటుంది" అన్నాను.

"అదృష్టవంతులు. నాకు పొద్దున ఏం తిన్నానో గుర్తుండదు."

నాకు నిజంగానే గుర్తుండేది. ఈమధ్య ఉండటం లేదు. ఆ మాట ఆమెతో అనలేదు.


నవంబరు 5

ఎల్లుండి మట్టి తీస్తారు.

సంఘం ఒప్పుకోవడానికి వేసవంతా పట్టింది. బరువైన ఇనుప గొట్టాన్ని అడుగు మట్టిలోకి దింపాలి. మా సముద్ర దేవుడికి ఇనుము గిట్టదు. చేతిలోంచి కత్తి జారిపడినా, లంగరు తెగిపోయినా, దాని బొమ్మ గీసి గుడిలో కట్టి తప్పు ఒప్పుకుంటాం. అలాంటిది మనమే కావాలని ఇనుము దింపడమేమిటని అందరూ అన్నారు.

అందరూ పైకి అన్నది ఆ మాట. లోపల ఉన్నది వేరే. ఏడేళ్ళ కిందట పెద్ద అల ఊరి మీదికి వచ్చి వెళ్ళిన తర్వాత మా ఊరివాళ్ళు కొందరు దొరకలేదు. సంఘం పెద్ద ఉసుజావా తమ్ముడు దొరకలేదు. పంతులమ్మ గొట్టం దింపుతానన్నది అఖాతంలో అన్నిటికన్నా లోతైన చోట. అన్నీ చివరికి చేరేది అక్కడికే.

ఉసుజావా చాలాసేపు బల్ల వైపు చూసి, "ఒక్కసారి. ఒక్కసారే" అన్నాడు.

దింపేది నా పడవ మీద నుంచి కాబట్టి గొట్టం బొమ్మ నేనే గియ్యాలి. గీశాను. సుయె చూసి, "ముల్లంగి దేవుడికి గిట్టదని ఎవరన్నారు?" అంది. మళ్ళీ గీశాను. ఈసారి కాస్త నయం.


నవంబరు 7

ఒళ్ళు నొప్పులు. అయినా రాస్తాను.

పంతులమ్మ ఒక్కతే వచ్చింది. తోడు రావలసిన మనిషికి జ్వరమట. గాలి పడమటి నుంచి చల్లగా వీచింది కానీ అల లేదు. సముద్రంలో సాకె సారా పోసి దణ్ణం పెట్టి గొట్టం వదిలాం. తాడు సర్రున పోయి, ఉన్నట్టుండి వదులైంది. దిగబడింది. తర్వాత మరతో లాగితే పడవ ఒక పక్కకి ఒరిగింది కానీ గొట్టం వచ్చింది.

ఇనుప గొట్టం లోపల ప్లాస్టిక్ గొట్టం. దాన్నిండా మట్టి. నలుపు, ఆకుపచ్చ కలిసిన రంగు, కుళ్ళిన గుడ్డు వాసన. పై నుంచి కొంచెం కిందుగా సన్నని ఇసుక చార కనిపించింది. పంతులమ్మ దాని మీద వేలు పెట్టి, "ఇది ఆ అల" అంది. చార మీద మట్టి రెండు వేళ్ళ మందం. ఏడేళ్ళకి అంత. ఇద్దరం చేతులు జోడించాం. 

గొట్టాన్ని మూరెడు పొడవు ముక్కలుగా కోసి రెండు పక్కలా మూతలు వేసింది. పైవైపు ఎర్ర మూత, కిందివైపు తెల్ల మూత వెయ్యాలట. ఎర్రవి పట్నంలోనే మర్చిపోయింది. అన్నిటికీ తెల్లవే వేసింది. గొట్టం తడిగా ఉండి కలం రాయలేదు. అంటుకాగితాల మీద అంకె, పైకి బాణం రాసి అంటించింది. "రేపు ఆరాక గొట్టం మీదే రాస్తాను" అంది. ఆమె వేళ్ళు రొయ్యల్లా ఎర్రగా అయిపోయాయి. సత్రానికి వెళ్ళి వేడినీళ్ళ తొట్టిలో కూర్చోమని సుయె చేత చెప్పించాను. నేను చెబితే బాగుండదు.

ముక్కలు మా షెడ్డులో పెట్టాం. రేపు లారీ వస్తుంది.

సముద్రంలోంచి వచ్చిన వస్తువుని ఉప్పు కడగకుండా షెడ్డులో ఉంచను. గుల్లలు పెంచే తాళ్ళయినా, బూట్లయినా, ఏదయినా. మా నాన్న కడిగేవాడు, నేనూ కడుగుతాను. గొట్టాలకి బయట అంతా బురద. ఒక్కొక్కటీ నేల మీద పడుకోబెట్టి మంచినీళ్ళ పైపు పట్టి, గుడ్డతో తుడిచి నిలబెట్టాను. తళతళలాడుతున్నాయి. పంతులమ్మ సంతోషిస్తుంది.

మూడో ముక్క కాగితం నీళ్ళకి ఊడింది. తుడిచి మళ్ళీ అంటించాను.


నవంబరు 8

లారీ వచ్చి తీసుకెళ్ళింది. "ఎంత శుభ్రంగా ఉన్నాయో. ఇంకెక్కడా ఇలా ఇవ్వలేదు, సరంగుగారూ" అని పంతులమ్మ రెండుసార్లు అంది. కాగితాల మీదున్న బాణాలు చూసి గొట్టాల మీద నల్ల కలంతో రాసింది. నేను పక్కనే ఉన్నాను.


నవంబరు 9

బాణం పైకే అంటించాను.


నవంబరు 21

గుల్లలు బాగున్నాయి. పోయిన ఏడాది కన్నా లావు. సంఘంలో ఆడవాళ్ళు పొద్దుటి నుంచీ గుల్లలు వలుస్తూ నవ్వుతూనే ఉన్నారు. ఏమిటని అడిగితే సుయె చెప్పలేదు. నా గురించే అయి ఉంటుంది.


డిసెంబరు 4

షెడ్డులో పాత నీళ్ళ గొట్టం ముక్క ఒకటి ఉంది. దాని మీద కాగితం అంటించి బాణం గీశాను. పడుకోబెట్టాను. నీళ్ళు పట్టాను. కాగితం తీశాను. తుడిచి అంటించాను. నిలబెట్టాను.

చేతులు ఆ రోజు ఎలా చేశాయో అలాగే చేస్తాయనుకున్నాను. మొదటిసారి బాణం పైకి వచ్చింది. రెండోసారి కిందికి వచ్చింది. మూడోసారి చెయ్యలేదు.

సుయె తలుపు దగ్గర నిలబడి చూస్తోంది.

"దానికి జ్వరమా, తడిగుడ్డ వేస్తున్నావు?"

"కడుగుతున్నాను."

"మూడు నెలలుగా మూలన పడున్నదాన్నా?"

సుయె లోపలికి వెళ్ళిపోయింది.


డిసెంబరు 5

ఆ రోజు ఎవరైనా పైకే అంటిస్తారు. నేనూ పైకే అంటించి ఉంటాను.


డిసెంబరు 30

బియ్యప్పిండి ముద్దలు దంచారు. నడుం పట్టింది. పంతులమ్మ దగ్గర నుంచి కొత్త సంవత్సరం కార్డు ముందే వచ్చింది. "మీ మట్టి గొప్పగా ఉంది. వచ్చి చెబుతాను" అని రాసింది. చక్కటి అక్షరాలు.

కార్డు దేవుడి అరలో పెట్టబోతే, "అదేం మంత్రమా?" అంది సుయె. తీసేశాను.


జనవరి 6

సంఘం కొత్త డైరీ ఇచ్చింది. ఇక నుంచి ఇందులో.

పంతులమ్మ వచ్చింది. ఎర్ర చిక్కుడు ముద్ద పెట్టిన తీపి బిళ్ళలు తెచ్చింది. కాళ్ళు కుంపటి ఉన్న కొటత్సు బల్ల దుప్పటి కింద పెట్టుకుని, ఇంట్లో పిల్లలా కూర్చుంది. ఇంత సంతోషంగా ఆమెను ఎప్పుడూ చూడలేదు. ఆమె చెప్పింది నాకు అర్థమైనంత రాస్తాను.

మా కొండ మీద గుడి పక్కన రాయి ఉంది కదా, ఆకలి ఏళ్ళలో పోయినవాళ్ళ రాయి. రెండు వందల ఏళ్ళ కిందటి మాట. ఆ ఏళ్ళలో వేసవి రాలేదట. తూర్పు గాలి, ముసురు. వరి పాలు పోసుకోలేదు. చివరికి పొలాలు వదిలేశారు. వదిలేసిన పొలాల మట్టి వానలకి కొట్టుకొచ్చి సముద్రంలో పడింది. ఆ మట్టి మూడో ముక్క మధ్యలో ఎర్రటి చారగా ఉంది.

చల్లటి నీళ్ళలో మాత్రమే బతికే గవ్వలు కొన్ని ఉంటాయట. కంటికి కనపడనంత చిన్నవి. అవి ఎక్కడ ఎక్కువగా ఉంటే అప్పుడు సముద్రం చల్లబడినట్టు.

"అందరూ ఏమనుకుంటున్నారంటే," అంది పంతులమ్మ, "ముందు సముద్రం చల్లబడింది, దాని మీద నుంచి వచ్చిన గాలికి పంటలు పోయాయి అని. పుస్తకాల్లో అదే ఉంటుంది. మీ అఖాతంలో అలా లేదు. చల్లటి గవ్వలు ఎర్ర చారకి పైన ఉన్నాయి. అంటే ఆకలి ముందు వచ్చింది, సముద్రం తర్వాత చల్లబడింది."

"పైన ఉంటే తర్వాతా?" అంది సుయె.

"అవునమ్మా. మట్టి ఒకదాని మీద ఒకటి పడుతుంది కదా. మీ దుప్పట్ల దొంతర లాగా."

"మా ఇంట్లో దుప్పట్లు ఆయన మడతపెడతాడు. ఏది పైనో ఏది కిందో ఎవరికీ తెలియదు."

పంతులమ్మ పడీ పడీ నవ్వింది. నేను టీ తాగుతున్నాను. కప్పు కింద పెట్టాలని తోచలేదు.

"మూడో ముక్కేనా?" అన్నాను.

"అవును. భలే గుర్తుందే మీకు."

మార్చిలో పెద్ద సభ ఉందట. దేశమంతటి నుంచీ ఈ పని చేసేవాళ్ళు వస్తారు. అక్కడ ఇది చెబుతుంది. ఆమె ఉద్యోగం మార్చి నెలాఖరు వరకే. ఆ తర్వాత ఉంచుకుంటారో లేదో ఆ సభని బట్టి ఉంటుంది.

"ఈ మట్టి దొరక్కపోతే ఇప్పటికి మా అమ్మ దగ్గరికి వెళ్ళి అంగట్లో కూర్చునేదాన్ని. మీ ధర్మమే, సరంగుగారూ" అని చాప మీద తల ఆనించి దణ్ణం పెట్టింది.

నేనూ వంగాను. ఆమె కన్నా ఎక్కువసేపు వంగాను. ముందు తల ఎత్తాలంటే చేత కాలేదు.


జనవరి 7

పైకే అంటించి ఉంటే ఏ బాధా లేదు.


జనవరి 8

పైకే అంటించి ఉంటే.


జనవరి 12

గాలి. పడవ తియ్యలేదు.

సుయె వలలోంచి చిక్కు తీస్తూ అడిగింది. "ఆ పిల్ల వచ్చి వెళ్ళిన దగ్గర్నుంచీ గంజి కూడా మింగడం లేదు. ఏం చేశావు?"

చెప్పాను. కాగితం ఊడటం, అంటించడం. ఎటు అంటించానో తెలియకపోవడం. చెప్పడానికి రెండు మాటలే పట్టింది. రెండు నెలలు మోశాను.

సుయె చిక్కు తీయడం ఆపలేదు.

"కడగమని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. ఉప్పు కదా."

"మట్టికి ఉప్పేమిటయ్యా. దాని పుట్టుకే ఉప్పు."

కొంతసేపయ్యాక, "నువ్వు సరిగ్గా అంటించావేమో" అంది.

"ఏమో."

"చెప్పకపోతే ఎవరికీ తెలియదు."

"తెలియదు."

"తప్పయితే, సభలో అంతమంది ముందు అబద్ధం చెప్పేది ఆ పిల్ల. తెలిసినవాడివి నువ్వు. ఆ పిల్లకి తెలియదు."

సుయె నా జవాబు కోసం చూడలేదు. లేచి, నా మంచి బూట్లు ఎక్కడున్నాయో వెతకడానికి వెళ్ళింది.


జనవరి 14

ఫోన్ చేశాను. పంతులమ్మ ఎత్తింది. "సరంగుగారూ, ఏమిటి విశేషం?" అంది. సుయె ఎండబెట్టిన సముద్రపు పాచి, పులుసులో వేసుకునేది, పంపుతోందని చెప్పాను. పెట్టేశాను.

సుయె పక్కనే ఉంది. "పాచి సంగతి నాకు చెప్పనే లేదు" అంది.


జనవరి 18

పట్నం వెళ్ళి వచ్చాను. పాచి తీసుకెళ్ళాను. అన్నాను కాబట్టి.

రైల్లో నోట్లోనే పాఠం చదువుకున్నాను. "మూడో ముక్క కాగితం ఊడింది, నేను అంటించాను, ఎటో తెలియదు." బడిలో పంతులు ముందు నిలబడి అప్పజెప్పినట్టు. రైలు దిగేసరికి బాగా వచ్చింది. ఆమె గది తలుపు దగ్గర మొత్తం మర్చిపోయాను.

ఆమె పెద్ద చల్లటి గదిలోకి తీసుకెళ్ళింది. అరల నిండా గొట్టాలు. ఎక్కడెక్కడి సముద్రాల మట్టో. మా అఖాతం పేరు ఒక అర మీద రాసి ఉంది. మా ఊరి పేరు అచ్చు అక్షరాల్లో చూడటం నాకు కొత్త. మొదటి ముక్క, రెండో ముక్క నిలువునా చీల్చి పళ్ళాల్లో పెట్టి ఉన్నాయి. మూడోదాన్ని వేలెడు వేలెడు బిళ్ళలుగా కోసి, ఆరబెట్టి, సంచుల్లో పెట్టేశారు. మిగిలింది సన్నని చీలిక ఒకటి. మధ్యలో ఎర్రటి చార.

"ఇదుగో, ఇదే ఆ చార. ఇటు వైపు గవ్వలు" అని చూపిస్తోంది.

"అమ్మా" అన్నాను. ఎప్పుడూ అలా పిలవలేదు. ఆమె ఆగింది.

చెప్పాను.

ఆమె అడగడం మొదలుపెట్టింది. కోపంగా కాదు. గాలి ఎటు నుంచి అని అడిగినట్టు.

"ఊడింది మూడోదేనా?"

"అదే."

"వేరేవి?"

"ఊడలేదు. చూశాను."

"పడుకోబెట్టి కడిగారా?"

"పడుకోబెట్టి."

"ఎందుకు కడిగారు?"

"ఉప్పు."

ఆమె నవ్వింది. సగంలో ఆగిపోయింది. కళ్ళద్దాలు తీసి గుడ్డతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది.

"నేను గొట్టం మీదే గీరి ఉండాల్సింది. తడి ప్లాస్టిక్ మీద కాగితం అంటించి సత్రానికి పోయిన తెలివి నాది. ఎర్ర మూతలు మర్చిపోయిన తెలివీ నాదే."

ఆ మాట నాకు ఊరటగా ఉండాలి. లేదు.

రెండో ముక్క అడుగునీ, మూడో ముక్క చీలికనీ పక్కపక్కన పెట్టి దీపం కింద చూసింది. చీలికని తిప్పి మళ్ళీ చూసింది. నన్నూ చూడమంది. నాకు రెండూ ఒకేలా కనిపించాయి.

"నాకూ అంతే" అంది. "ఎటు పెట్టినా కలిసినట్టే ఉంది. ఇసుక చార ఏదైనా ఉంటే తెలిసేది. ఇసుకలో బరువైనది ముందు కిందికి దిగుతుంది, చూస్తే తల ఏదో చెప్పొచ్చు. ఇందులో ఇసుక లేదు. అంతా మెత్తటి బురదే. ఇంకో పరీక్ష ఉంది కానీ దానికి కొయ్యని ముక్క కావాలి."

"నేను తప్పు అంటించానంటారా?"

"అనను. సరిగ్గానే అంటించి ఉండొచ్చు. కానీ సరిగ్గా అంటించారని ఇప్పుడు నేను ఎవరికీ చెప్పలేను. సంగతి అదీ."

పుస్తకాల్లో ఉన్న మాటే నిజమై ఉండొచ్చు. ఆమె కనిపెట్టిన మాట నిజమై ఉండొచ్చు. ముక్క తల ఇటైతే ఒక మాట, అటైతే ఇంకో మాట.

"సభలో?"

"చెప్పను. పేరు వెనక్కి తీసుకుంటాను."

ఇంకోసారి మట్టి తీస్తే తేలుతుందా అని అడిగాను. తేలుతుంది అంది. కొత్త మట్టి చేతిలో ఉంటే, ఇంకో ఏడాది ఉంచమని పైవాళ్ళని అడగడానికి కూడా మొహం ఉంటుంది అంది. వెంటనే, "ఉసుజావా గారు ఒక్కసారే అన్నారు. నేను మళ్ళీ అడగను, సరంగుగారూ. ఆయన మొహం ఆ రోజు చూశాను. ఒక మనిషిని రెండోసారి అడిగే సంగతి కాదది" అంది.

రైలు స్టేషనుకి వెళ్ళే బస్సు దాకా వచ్చింది. బస్సు ఎక్కబోతుంటే, "చలి. మెడకి చుట్టుకోండి" అంది. అంతే.

పాచి ఆమె బల్ల మీద పెట్టానో, రైల్లోనే మర్చిపోయానో తెలియడం లేదు.


జనవరి 19

సుయె అడిగింది. చెప్పాను. "ఊఁ" అంది. సాయంత్రం నాకు ఇష్టమని గుల్లల అన్నం వండింది. తిన్నాను.


జనవరి 27

పంతులమ్మ దగ్గర నుంచి ఏమీ లేదు. రావలసిన అవసరమూ లేదు.


ఫిబ్రవరి 1

సముద్రంలో పాచి పెంచే తాళ్ళు చూసి వచ్చాం. బాగా పెరిగింది. నెలాఖరుకి కోత మొదలవుతుంది. అప్పుడు అందరి పడవలూ దాని మీదే.

తిరిగి వస్తూ లోతు చోటు మీదుగా వచ్చాం. సుయె ముందు కూర్చుని ఉంది. మర చప్పుడులో గట్టిగా అడిగింది.

"ఉసుజావా కుదరదన్నాడా?"

"ఒక్కసారే అన్నాడు కదా."

"అది అప్పుడు. ఇప్పుడు అడిగావా?"

"లేదు."

"మరి కుదరదన్నది ఎవరు?"

మర చప్పుడుకి వినపడనట్టు ఉన్నాను. సుయెకి తెలుసు.


ఫిబ్రవరి 6

సంఘం సభ. పాచి కోత వంతులు, మంచు బిళ్ళల ధర, కొత్త గట్టు దగ్గర పడవలు ఎక్కడ కట్టాలి, ఇవన్నీ అయ్యాయి. "ఇంకేమైనా ఉందా?" అని ఉసుజావా అడిగాడు. ఎప్పుడూ ఎవరూ ఏమీ అనరు. బూట్ల కోసం లేస్తారు.

నేను లేచాను. బూట్ల కోసమే అనుకున్నారు. నేను కూర్చోలేదు, నడవలేదు.

వెనక నుంచి ఎవరో, "తోమెజి అన్న నిలబడ్డాడు. తేదీ రాసుకోండిరా" అన్నారు. నవ్వులు.

ఈసారి పాఠం చదువుకుని రాలేదు. అందుకే వచ్చిందేమో.

"పంతులమ్మ తీసిన మట్టిలో ఒక ముక్కని నేను పాడు చేశాను" అన్నాను. "కడిగాను. గుర్తు ఊడింది. ఎటో అటు అంటించి చెప్పకుండా ఊరుకున్నాను. ఆకలి ఏళ్ళ మట్టి అది. ఆ పిల్లది తప్పేం లేదు. తను మళ్ళీ అడగనంది. నేను అడుగుతున్నాను. ఇంకోసారి దింపనివ్వండి."

ఎవరూ నవ్వలేదు. పొయ్యి మీద కెటిల్ ఒకటే చప్పుడు చేస్తోంది.

ఉసుజావా నాకన్నా పన్నెండేళ్ళు చిన్నవాడు. వాడికి తెడ్డు పట్టడం నేర్పింది నేనే. వాడి తమ్ముడికి కూడా.

"వేరే చోట కుదరదా, అన్నా?"

"అడుగు మెదలని చోటు అదొక్కటేనట."

"మెదలని చోటు" అన్నాడు. టీ కప్పు చేతిలో తిప్పుతూ ఉన్నాడు. "పోయినసారి పైన ఇసుక కనపడిందన్నారు."

"కనపడింది."

"దాని మీద మట్టి ఎంత పడింది?"

వేళ్ళు చూపించాను. రెండు.

"ఇంతేనా?"

"ఇంతే."

వాడు తన రెండు వేళ్ళు ఎత్తి చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు. మేమంతా మా మోకాళ్ళ వైపు చూశాం.

"మా వాడికి నిద్ర ఎక్కువ" అన్నాడు. "దుప్పటి లాగినా లేచేవాడు కాదు. ఒకసారి లాగాం. రెండోసారికి కసురుకుంటాడేమో." టీ కప్పు కింద పెట్టాడు. "కసురుకున్నా నాకు వినాలనే ఉంది."

వాడు లేచి కెటిల్ దించి వచ్చాడు.

"ఈసారి నేనూ పడవెక్కుతాను. సాకె నేను పోస్తాను. ఇంకో మాట, అన్నా. పైకి తీసిన తర్వాత నువ్వు నీళ్ళ పైపు జోలికి వెళ్ళకూడదు. ఇది సంఘం తీర్మానం. రాసుకోండి."

అప్పుడు నవ్వారు. నేనూ నవ్వాననుకుంటాను. ఇంటికి వచ్చాక సుయె, "మొహం అలా ఉందేమిటి?" అంది. చెప్పాను. ఒక్కసారి కాదు, మూడుసార్లు చెప్పించుకుంది. ఎవరు ఏమన్నారు, ఎవరు ఎక్కడ కూర్చున్నారు, అన్నీ.

"అయితే ఫోన్ చెయ్యి" అంది.

ఫోన్‌లో నేను పాచి గురించే చెబుతానని ఇద్దరికీ తెలుసు.


ఫిబ్రవరి 7

ఉత్తరం రాస్తాను. ముందు ఇందులో రాసి, తర్వాత మంచి కాగితం మీద ఎక్కిస్తాను.

కషివాగి పంతులమ్మ గారికి,

ఒంట్లో బాగుందా? ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. మీ దగ్గర నుంచి కబురు లేక మూడు వారాలైంది. రాయాల్సింది నేనే కాబట్టి రాస్తున్నాను.

నిన్న సభలో సంఘం ఇంకోసారి మట్టి తియ్యడానికి ఒప్పుకుంది. అడిగింది నేను. మీరు అడగలేదని అందరికీ చెప్పాను. ఉసుజావా తానూ పడవ మీదికి వస్తానన్నాడు. అతని మొహం గురించి మీరు దిగులు పడొద్దు. నేను పక్కనే ఉండి చూశాను. వస్తానన్నది అతను తన కోసమే.

నేను ఎటు అంటించానో నాకు ఇప్పటికీ గుర్తు రాలేదు. ఇక రాదు. తప్పుగా అంటించానని తేలితే పుస్తకాల్లో ఉన్న మాటే నిజమవుతుంది, మీరు కనిపెట్టింది పోతుంది. అలా జరిగితే ఏమని చెప్పాలో నాకు తెలియదు. కానీ నిన్న ఇంటికి వస్తూ రాయి దగ్గర ఆగాను. పేర్లు అరిగిపోయాయి, చదవడానికి లేదు. వాళ్ళు ముందు చలి చూశారో, ముందు ఆకలి చూశారో చెప్పడానికి ఇప్పుడు మీరు తప్ప ఎవరూ లేరు. అది సరిగ్గా రాయాలి. ఎటు తేలినా సరే, సరిగ్గా రాయాలి.

పడవ సిద్ధంగా ఉంది. మర బాగు చేయించాను. ఇరవయ్యో తేదీ దాటితే పాచి కోత మొదలవుతుంది, ఏప్రిల్ దాకా పడవ ఖాళీ ఉండదు. అప్పటికి మీ ఉద్యోగం గడువు అయిపోతుంది. ఈ నెల పదహారు, పదిహేడు తేదీల్లో గాలి తగ్గేలా ఉంది.

రావడం ఇష్టం లేకపోతే ఆ మాటే రాయండి. నా మీద కోపం ఉంటే కోపంగానే రాయండి. కానీ తొందరగా రాయండి.

ఒయికావా తోమెజి